కిటికీకీ కిటికీకీ మధ్య గాలి

మా గల్లీలో చావు కబురు చప్పుడు ఆగిపోవడంతో తెలుస్తుంది. షోలాపూర్ దాజీ పేట్‌లో ప్రతి ఇంటి కింద మరమగ్గాల షెడ్డు ఉంటుంది. ఎవరైనా పోతే ఆ రోజుకు అందరూ మోటార్లు ఆపేస్తారు. ఆ రోజు పొద్దున నేను స్కూలు బ్యాగు సర్దుకుంటున్నాను. ముందు గల్లీ చివరి షెడ్డు ఆగింది. తర్వాత పక్కింటిది. ఆ తర్వాత మా నాయినది. నేను పుట్టినప్పటి నుంచి నా కాళ్ళ కింద సన్నగా వణుకుతూ ఉండే గచ్చు ఒక్కసారి నిలిచిపోయింది. అల్మారాలో స్టీలు గ్లాసుల గలగల ఆగింది. అమ్మ మెట్లెక్కి వచ్చి చెప్పేలోపే నాకు అర్థమైంది.

"మేడం పోయిందంట బిడ్డా. పొద్దుగాల్నే, దవాఖాన్ల."

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎదురింటి పై కిటికీ మూసి ఉంది. దాని చువ్వకు తెల్ల టవల్ ఒకటి ఆరేసి ఉంది. అది మేము ప్రయోగాలకు వాడే టవల్.

మేడం జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. అంతకు ముందు చాలా ఏళ్ళు దూరపు ఊళ్ళో ఒక పరిశోధనశాలలో పనిచేసింది. ఒక మిద్దె మీది నుంచి ఇంకో మిద్దె మీదికి గాలిలోనే వెలుగు కణాలు పంపి, వాటితో రహస్యాలకు తాళంచెవులు తయారుచేసే పని. క్వాంటమ్ కమ్యూనికేషన్ అంటారు. తండ్రికి పక్షవాతం వస్తే చూసుకోవడానికి వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. ఎందుకని ఎవరైనా అడిగితే, "అక్కడ గాలి శుభ్రంగ ఉంటది. శుభ్రమైన గాలిల ఎవరైనా పంపుతరు" అనేది.

ఆమె గురించి చెప్పాలంటే నేను దాచుకున్న సంగతి ఒకటి చెప్పక తప్పదు. నాకు నత్తి ఉంది. ప, క, స, శ అక్షరాల దగ్గర మాట గొంతులో ఇరుక్కుంటుంది. స్కూల్లో ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. ఇంగ్లీషు మీడియం స్కూలు కదా, మౌనంగా ఉండే పిల్లను బుద్ధిమంతురాలు అనుకుంటారు. తెలిసిన జవాబుకు కూడా "ఐ డోంట్ నో మిస్" అని కూర్చునేదాన్ని. ఆ వాక్యం ఒక్కటే నాకు ఎక్కడా ఆగకుండా వచ్చేది. ఎవరికైనా తెలిసిపోతుందేమో, నవ్వుతారేమో, ఆ భయంతోనే నిద్ర లేచేదాన్ని.

మా రెండు ఇళ్ళ మధ్య ఒక ఆటో పట్టేంత వెడల్పే ఉంటుంది. కానీ మగ్గాలు నడుస్తుంటే ఈ కిటికీలో అరిచింది ఆ కిటికీకి వినిపించదు. ఒక మధ్యాహ్నం ఎదురు కిటికీలోంచి మేడం నా వైపు చూసి, శబ్దం లేకుండా పెదాలు మాత్రమే కదిలించింది. "తిన్నవా?"

అర్థమైంది. నేను కూడా పెదాలే కదిలించాను. "తిన్న. పప్పు, కంది పచ్చడి."

మాట ఎక్కడా ఇరుక్కోలేదు! ప కూడా, క కూడా. గొంతు వాడకపోతే పెదాలు ఆగవని ఆ రోజు తెలిసింది. ఒక పూర్తి వాక్యం, నేను అనుకున్న మాటలతోనే, గాలిలో అవతలి ఒడ్డుకు చేరింది. ఆ రాత్రి దుప్పటిలో చాలాసేపు పెదాలు కదుపుతూ పడుకున్నాను.

అప్పటి నుంచి స్కూలు నుంచి రాగానే కిటికీ దగ్గర కూర్చోవడం అలవాటైంది. క్లాసులో ఎవరేమన్నారు, ఏ మాట ఇరుక్కుంది, నాయిన ముందు నోరు తెరవాలంటే ఎందుకు భయం, అన్నీ చెప్పేదాన్ని. ఈ పెదాల భాష మేడం నా కోసం కనిపెట్టిందని నమ్మాను. షెడ్డులో ఏం జరుగుతుందో నాకు తెలియదు. గుమ్మం దాకా వెళ్తే చాలు, నాయిన "నీకిక్కడేం పని? పైకి పో, చదువుకో" అనేవాడు.

మేడం నాకు భౌతికశాస్త్రం కూడా ఆ కిటికీలోంచే చెప్పింది. టవల్ అంచు పట్టుకుని చూపించేది. నిలువు పోగు పడుగు, అడ్డం పోగు పేక. వెలుగు కణం కూడా అంతే, నిలువుగా ఊగొచ్చు, అడ్డంగా ఊగొచ్చు, ఏటవాలుగానూ ఊగొచ్చు. దాని తీరును పోలరైజేషన్ అంటారు. అది తెలియాలంటే దువ్వెన పళ్ళ సందులోంచి పోగును పోనిచ్చినట్టు కణాన్ని పోనిచ్చి చూడాలి. దువ్వెన తప్పుగా పట్టుకుంటే కణం తన తీరే మార్చుకుంటుంది. పాత తీరు మళ్ళీ దొరకదు. అందుకే దారి మధ్యలో దొంగ ఎవడైనా చూస్తే, అటు పక్కన తప్పులు పెరుగుతాయి. తప్పులు లెక్కబెడితే దొంగ ఉన్నాడని తెలిసిపోతుంది.

"చూసినోళ్ళు గుర్తు విడువక పోరు" అనేది. ఆ మాట ఆమె పెదాల మీద ఎన్నిసార్లు చూశానో.

ఎండలు తగ్గాక ఆమె మిద్దె మీద ఒక నమూనా మొదలుపెట్టింది. చిన్న లేజర్, స్టాండుకు బిగించిన రెండు అద్దాలు, వెలుగుకు దువ్వెనల్లా పనిచేసే పోలరాయిడ్ ముక్కలు. "ఇది ఆట మాత్రమే. ఈ లేజర్ల కోట్ల కణాలు ఒక్కసారే పోతయి, అసలు పనిల ఒక్కొక్కటే పంపాలె" అని ముందే చెప్పింది. ఎవరి కళ్ళలోనూ పడకూడదని మా మిద్దె గోడకు ఒక తెల్ల టవల్ కట్టించింది, మా పక్కింటి మిద్దెకు ఇంకొకటి. పక్కిల్లు అత్తది. అత్త అంటే మాకు చుట్టం కాదు, గల్లీ మొత్తానికి అత్త. అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంది. చేతులు ఎంత వేగమో నోరు అంతకన్నా వేగం. మగ్గాలు ఆగిన ఒక సాయంత్రం కింది నుంచి అరిచింది.

"ఏంది టీచరమ్మా, టవల్‌కు దీపం చూపిస్తున్నవ్? దిష్టి తగిలిందా దానికి?"

"దిష్టి కాదు వదినా. తాళంచెవి పంపుతున్న."

"నా ఇంట్ల తునికాకు తప్ప ఏమున్నదని తాళం?"

"నీ ముచ్చట్లకు."

"అగ బాయీ! నా ముచ్చట్లు నేనే గల్లంతా పంచుకుంట, వాటికి తాళమేస్తే నా కడుపు ఉబ్బి సస్త!" అని అత్త చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. తర్వాత అడిగింది, "సరే, మీ ఇద్దరికీ ఒక తాళమైంది. మరి నాకూ ఈ పోరికీ మధ్య? దానికి మళ్ళొక దుకాణం పెడ్తవా?"

మేడం ముఖం వెలిగిపోయింది. ఇప్పుడు లోకంలో అందరూ తల పట్టుకుంటున్నది దాని గురించే అంది. ఇద్దరి మధ్య అయితే ఒక దారి చాలు. పది ఇళ్ళకు, ఎవరికి ఎవరితో కావాలంటే వాళ్ళతో తాళం కుదరాలంటే ఎలా? నడుమ ఒక ఇంట్లో జంట కణాలు పుట్టిస్తారు. ఒకటి నా మిద్దెకు, దాని తోడుది అత్త మిద్దెకు. ఇద్దరం ఒకే తీరుగా చూస్తే ఇద్దరి జవాబులూ కలుస్తాయి. ఆ కలిసినవే తాళంచెవి.

"నడుమ ఉన్న నాకు మాత్రం ఆ చెవి ఏందో తెల్వదు. పంచేటోళ్ళకు తెల్వకుండ పంచుడు, అదీ దీని గొప్ప."

"అంటే సంబంధం కుదిర్చినోడికి ఆ మొగుడు పెండ్లాలు ఏం గుసగుసలాడుకుంటరో తెల్వనట్టు" అంది అత్త.

"బరాబర్."

"మరి గల్లీ తవ్వి తీగేస్తే అయిపోదా? గాల్ల ఎందుకీ తిప్పలు?"

"తవ్విన గుంత పూడ్చేసరికి నీ మనవనికి పెండ్లయితది వదినా."

తిప్పలు నిజంగానే ఉన్నాయి. షోలాపూర్ గాలి మామూలుది కాదు. రేకుల కప్పుల మీది వేడికి లేజర్ ఎర్రచుక్క టవల్ మీద నిలవకుండా తేలుతుండేది. మగ్గాల నుంచి లేచిన దూది సన్నగా ఎగురుతూ వెలుగుకు అడ్డం పడేది. సూర్యుడు ఉన్నంతసేపూ చుక్క కనిపించేదే కాదు. నేను విసుక్కుంటే మేడం కొంగుతో అద్దం తుడుస్తూ, "గాలిని తిట్టకు. గాలిని కొలువు" అనేది. తుడిచినప్పుడల్లా దగ్గేది. ఆ దగ్గును మేమెవరం పట్టించుకోలేదు. మా గల్లీలో దగ్గని ఇల్లు లేదు.

ఆ రోజుల్లోనే నాకు అనుమానం మొదలైంది. ఒక సాయంత్రం అమ్మ ఉపవాసానికి సాబుదానా, అదే సగ్గుబియ్యం, తేవాలని, ఆ మాట నాకు నోట రాదని మేడంతో చెప్పుకున్నాను. కాసేపటికి మా గల్లీ కిరాణా కొట్టుకు వెళ్తే నేను వేలు చూపించకముందే కొట్టు కాకా పొట్లం ముందర పెట్టాడు. "ఘే బాయీ, సాబుదానా. అమ్మకు ఉపాసం గదా." ఊరికే అనుకున్నాను. ఇంకోసారి షేర్ ఆటో సంగతి చెప్పాను. అశోక్ చౌక్ అనలేక, అందరితో పాటు కొంతం చౌక్ దాకా పోయి వెనక్కి నడిచి వస్తున్నానని. ఆ ఆటో అబ్బాయి ఇల్లు మా గల్లీ చివరే. మర్నాడు అడగకుండానే అశోక్ చౌక్‌లో ఆపి, వెనక్కి కూడా తిరగకుండా, "దిగు చెల్లె" అన్నాడు. అన్నిటికన్నా వింత మా నాయిన. నేను మాట్లాడబోతే "నోట్ల ముద్దున్నదా, గట్టిగ చెప్పు" అనే మనిషి, అలా అనడం మానేశాడు. చేతిలో పని ఆపి నిలబడేవాడు, నా మాట పూర్తయ్యేదాకా.

ఎవరో నా రహస్యాలు వింటున్నారు. ఫోనులోంచే అయి ఉంటుందని యాప్‌లన్నీ తీసేశాను, మైకు ఆపేశాను, చివరికి ఫోను బియ్యం డబ్బాలో పాతిపెట్టాను. అయినా కాకా మళ్ళీ అడగకుండానే పెన్సిల్ ఇచ్చాడు. ఆ సాయంత్రం కిటికీలోంచి మేడంకు చెప్పాను. "ఎవరో మధ్యలో ఉన్నారు. తప్పులు దొరికినయి. లెక్కబెట్టిన."

మేడం నవ్వలేదు. "కిందికి చూడు" అంది.

చూశాను. ఎదురుగా మేడం ఇంటి అరుగు మీద అత్త, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు బీడీలు చుడుతున్నారు. ముగ్గురి చేతులూ వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ముగ్గురి ముఖాలూ నా కిటికీ వైపే ఉన్నాయి. అత్త నన్ను చూసి, శబ్దం లేకుండా పెదాలు కదిపింది.

"సాబుదానా మంచిగున్నదా?"

మగ్గాల మోతలో పనిచేసే వాళ్ళందరూ అలాగే మాట్లాడుకుంటారట. షెడ్డులో ఈ మూల నుంచి ఆ మూలకు, ఏళ్ళ తరబడి. అత్త బీడీలకు రాకముందు షెడ్డులో నూలు కండెలు చుట్టేది. కాకా ఒకప్పుడు మగ్గం నడిపినవాడు. ఆటో అబ్బాయి షెడ్డులో పెరిగినవాడు. నాయిన సంగతి చెప్పక్కర్లేదు. గల్లీలో ఆ భాష అందరిదని తెలియనిది, షెడ్డు గడప దాటనివ్వకుండా చదివించిన నాకు ఒక్కదానికే. గోడల మధ్య దాచుకోవాల్సిన మాటలు అన్నాళ్ళూ నడి గల్లీలో ఆరేశాను.

కిటికీ మూసేశాను. చాలా రోజులు తెరవలేదు. మేడంకు ముందే తెలుసు అన్నదే ఎక్కువ మంటగా ఉండేది.

ఒకరోజు ఆమె మెట్లెక్కి మా ఇంటికే వచ్చింది. రొప్పుతూ నా మంచం అంచున కూర్చుంది. ఆమె గొంతు అంత దగ్గరగా వినడం నాకు అలవాటు లేదు. బొంగురుగా, చిన్నగా ఉంది.

"నాకు ఎరుకనే. చెప్తే నువ్వు నోరు మూసుకుంటవని చెప్పలే. నిన్ను అడగకుండ నేను ఖరారు చేసిన, అది మంచి పని కాదు. తిట్టుకో."

నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

"కానీ ఒక్కటి చూడు. ల్యాబుల దొంగ చూస్తే కణాలు చెడిపోతయి. నిన్ను ఇంతమంది చూసిన్రు. ఏం చెడింది? ఎవరన్న నవ్విన్రా? చూసినోళ్ళు గుర్తు విడిచిన్రు గదా, ఆ గుర్తు ఎట్లాంటిదో చూడు. భయపడుడు ఆ తర్వాత."

లేచి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "తాళం అందరికీ ఉండాలె బిడ్డా. నిజంగ దాచేది ఉంటే మిద్దె మీదికి రా, చెవుల చెప్పు. అన్నిటికీ తాళమేస్తే ఇంట్ల ఎటు తిరిగేది?"

ఆ రాత్రి గుర్తులన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. సాబుదానా. అశోక్ చౌక్. పని ఆపి నిలబడ్డ నాయిన. మర్నాడు కిటికీ సగం తెరిచాను. మేడం అక్కడే కూర్చుని ఉంది. "తిన్నవా?" అంది. కింద నుంచి అత్త కూడా అదే అడిగింది.

తర్వాత మేడం నన్ను అడిగింది, ఈసారి నిజంగా అడిగింది. మా నమూనాను స్కూలు సైన్స్ ఎగ్జిబిషన్‌లో పెడదామా అని. పెట్టడమంటే వచ్చిన వాళ్ళకు నోటితో చెప్పాలి, శబ్దంతో. నేను వద్దన్నాను. వద్దంటూనే రోజూ సాధన చేశాను. ఇంగ్లీషులో మొత్తం పాఠం, కిటికీలోంచి, ముందు పెదాలతో మాత్రమే, తర్వాత కొంచెం గాలి కలిపి, ఆ తర్వాత కొంచెం గొంతు. ఇరుక్కున్న చోట ఆమె చెయ్యెత్తేది. "ముందు పెదాలను పోనియ్. గొంతు ఎనుక వస్తది. తొందరపెట్టకు దాన్ని."

ఎగ్జిబిషన్‌కు ఇంకా పక్షం రోజులున్నాయనగా ఆమెను ఆస్పత్రిలో చేర్చారు. ఊపిరితిత్తులు పాడైపోయాయన్నారు. నాయిన నన్ను బండి మీద తీసుకెళ్ళాడు. లోపలికి రానివ్వలేదు. గాజు తలుపు ఇవతల నిలబడ్డాను. ఆమె ముక్కులో సన్నటి గొట్టం ఉంది. నన్ను చూసి తల కొంచెం తిప్పింది.

"తిన్నవా?" అన్నాయి పెదాలు.

"తిన్న. మీకు భయమైతుందా?" అన్నాను.

ఆలోచించి, "కొద్దిగ" అంది. అబద్ధం చెప్పలేదు. తర్వాత ఊపిరి తీసుకుని, "అద్దాలు తుడువు. దూది పడ్తది" అంది.

చుట్టూ కూర్చున్న వాళ్ళకు మేము మాట్లాడుకుంటున్నట్టే తెలియదు. నాయిన ఒక్కడే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చూడకుండా ఉండటానికి.

ఆ తర్వాతే మగ్గాలు ఆగిన పొద్దు.

ఎగ్జిబిషన్ ఆమె దినాలు కాకముందే వచ్చింది. వెళ్ళనని అమ్మతో చెప్పాను. అమ్మ తెల్ల టవల్ ఉతికి, ఇస్త్రీ చేసి బ్యాగులో పెట్టింది. స్కూలు హాల్లో నా బల్ల ముందు నిలబడితే మోకాళ్ళు వణికాయి. మా ఇంటి గచ్చు లాగే అనుకుని కొంచెం ధైర్యం తెచ్చుకున్నాను. ఇంతలో గేటు దగ్గర గొడవ వినిపించింది. వాచ్‌మన్ ఎవరు కావాలని మరాఠీలో అడుగుతున్నాడు.

"కోణ్ పాహిజే ఏంది? మా పోరి సైన్సు చెప్తది, ఇననీకొచ్చినం! జరుగు, జరుగు." అత్త, ఆమె వెనక గల్లీ ఆడవాళ్ళు, ఉతికిన చీరల్లో. అందరికన్నా వెనక నాయిన, తలలో దూదితోనే. షెడ్డు మధ్యలో ఆపి వచ్చినట్టున్నాడు.

జడ్జిగా వచ్చిన పెద్దాయన అద్దం చూసి, గాలిలో దారి మధ్య ఎవరైనా చూస్తే ఎలా తెలుస్తుందని ఇంగ్లీషులో అడిగారు. మొదలుపెట్టాను. రెండు వాక్యాలు బాగానే వచ్చాయి. పోలరైజేషన్ అనే మాట దగ్గర ఇరుక్కున్నాను. ప దగ్గరే. పెదాలు అతుక్కుపోయాయి. పక్క బల్ల పిల్లలు తిరిగి చూశారు. "ఐ డోంట్ నో సర్" నాలుక చివరికి వచ్చేసింది.

హాలు చివర నాయిన కనిపించాడు. పెదాలు కదుపుతున్నాడు. శబ్దం లేకుండా, నిదానంగా, ఒక్కొక్క అక్షరం విడగొట్టి. పో. ల. రై. జే. షన్.

నాయినకు ఇంగ్లీషు రాదు. ఆ మాటకు అర్థం ఆయనకు తెలియదు. నెల రోజులు నా కిటికీలో చూసిన ఆకారం మాత్రం తెలుసు.

ఆయనతో పాటు నేను కూడా ఒకసారి పెదాలు మాత్రమే కదిపాను. రెండోసారి గొంతు వచ్చింది, వెనకాలే, ముక్కలు ముక్కలుగా. ప-ప-పోలరైజేషన్. అందరికీ వినిపించింది. నాకు నత్తి అని హాలంతటికీ తెలిసింది. ఏమీ కూలిపోలేదు. పెద్దాయన తలూపుతూ ఎదురుచూశారు. ఇంకో నాలుగు చోట్ల ఆగి, మొత్తం చెప్పాను.

"హూ ఈజ్ యువర్ గైడ్?" అని అడిగారు.

"మా ఎదురింట్లో ఉంటుంది" అన్నాను. ఉంటుంది అనే అన్నాను.

బహుమతి సోలార్ కుక్కర్‌కు వెళ్ళింది. దారి పొడవునా అత్త తిట్టింది. "ఎండల అన్నం ఉడికించుడు ఒక సైన్సా? షోలాపూర్ల మనుషులే ఉడుకుతరు!"

ఆ సాయంత్రం మేడం ఇంటి తాళంచెవి అత్తనడిగి తీసుకుని మిద్దె మీదికి వెళ్ళాను. ఎగ్జిబిషన్‌కు ఒక అద్దమే తీసుకెళ్ళాను, రెండోది అక్కడే స్టాండు మీద ఉంది. దాని మీద దూది పొరలా పడి ఉంది, ఎవరో చిన్న దుప్పటి కప్పినట్టు. టవల్ కొసతో తుడిచాను. వాలిన ఎండ అద్దంలో పడి, గల్లీ దాటి, మా మిద్దె గోడ మీద ఒక వెలుగు ముక్కలా నిలిచింది. వేడిగాలికి మెల్లగా తేలుతూ ఉంది.

ఉన్నట్టుండి ఆ వెలుగు ముక్క మాయమైంది. ఎవరో మధ్యలోకి వచ్చారు. చూస్తే మా మిద్దె మీద నాయిన, చేతిలో చాయ్ గ్లాసుతో, వెలుగుకు అడ్డంగా, ఎండ కళ్ళలో పడుతున్నా పక్కకు జరగకుండా నిలబడ్డాడు. కింద మగ్గాలన్నీ నడుస్తున్నాయి. ఆయన పెదాలు కదిలాయి.

"తుడిచినవా?"

"తుడిచిన" అన్నాను పెదాలతో. తర్వాత గొంతుతో కూడా అన్నాను, ఆ మోతలో ఎవరికీ వినిపించదని తెలిసినా. నాయిన పక్కకు జరిగాడు. వెలుగు మళ్ళీ గోడ మీద పడింది. దాంట్లోంచి ఒక దూది పోగు నిదానంగా ఇటు నుంచి అటు దాటిపోయింది.